అమెరికాకు సరుకు తెప్పించుకునేవాళ్ళకు సీపీఎస్సీ ఈ-ఫైలింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్, అంటే సీపీఎస్సీ, 2026 జూలై 8ని గడువుగా పెట్టి తెచ్చిన ఈ-ఫైలింగ్ నిబంధన గురించి ఇది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బొటిక్ నడుపుతూ మన దగ్గర నుంచి బట్టలు తెప్పించుకునేవాళ్ళు, ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు, వాళ్ళకు సరుకు పంపే ఇక్కడి ఎగుమతిదారులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇచ్చాం. పెద్ద కంపెనీలకు లాయర్లు, కంప్లయన్స్ టీములు ఉంటాయి. ఇంట్లో ఒక గదిని గోడౌన్ చేసుకుని వ్యాపారం చేసే మనిషిని దృష్టిలో పెట్టుకునే ఇది రాశాం.

ఈ-ఫైలింగ్ అంటే ఏమిటి?

సీపీఎస్సీ నియమాలు వర్తించే వస్తువు అమెరికాలోకి దిగేటప్పుడు, దాని భద్రతా సర్టిఫికెట్‌లోని వివరాలను కస్టమ్స్ ఎంట్రీతో పాటే కంప్యూటర్ ద్వారా పంపాలి. ఇవి కస్టమ్స్ వాళ్ళ ఏస్ అనే వ్యవస్థ ద్వారా వెళ్తాయి. మీ తరఫున కస్టమ్స్ పని చూసే బ్రోకర్ రోజూ ఎంట్రీ వేసేది అందులోనే, కాబట్టి అతనికి కొత్త చోటేమీ కాదు.

పీడీఎఫ్ స్కాన్ చేసి జతపరిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. సరిపోదు. వాళ్ళకు కావాల్సింది కాగితం బొమ్మ కాదు, అందులోని ఒక్కో వివరం దాని గడిలో విడివిడిగా. ఏ కంటైనర్ తెరిచి చూడాలో, దేన్ని వదిలేయాలో ఆ డేటాను బట్టే కంప్యూటర్ లెక్కగడుతుంది.

అంటే ఇప్పుడు కొత్తగా పరీక్షలు చేయించాలా?

అక్కర్లేదు. ఈ నిబంధన కొత్త పరీక్షలేవీ పెట్టలేదు. సర్టిఫికెట్ ఉండాలన్న చట్టం 2008 ఆగస్టు నుంచే ఉంది. అంతకు ముందు ఏడాది సీసం రంగులున్న బొమ్మలను వరసగా మార్కెట్ నుంచి వెనక్కి పిలవాల్సి రావడంతో అమెరికా కాంగ్రెస్ ఆ చట్టం చేసింది.

ఇన్నాళ్ళూ ఆ సర్టిఫికెట్‌ను అధికారులు అడిగినప్పుడు చూపిస్తే సరిపోయేది, అడిగేది ఎప్పుడో ఒకసారి. దాంతో చాలామంది దాన్ని తయారు చేసుకోనే లేదు. కొందరు ఫ్యాక్టరీవాళ్ళు పంపిన కాగితాన్ని చదవకుండానే ఫోల్డర్‌లో పడేశారు. ఇప్పుడు ప్రతి ఎంట్రీలోనూ ఆ వివరాలు కనిపించాలి. అందుకే, ఇన్నాళ్ళూ సర్టిఫికెట్ పద్ధతిగా పెట్టుకున్నవాళ్ళకు ఇది డేటా ఎంట్రీ పని మాత్రమే. పెట్టుకోనివాళ్ళకు పని ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో మొదలవుతుంది. కంప్యూటర్ దగ్గర జరిగేది దాని చివరి పావుగంట.

గడువు తేదీలు ఏమిటి?

నిబంధన 2025 జనవరి 8న అమెరికా ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయింది. మామూలు దిగుమతులకు 2026 జూలై 8. ఫారిన్ ట్రేడ్ జోన్‌లోకి (సుంకం కట్టకుండా సరుకు ఉంచుకునే ప్రత్యేక ప్రాంతం) వచ్చి, అక్కడి నుంచి దేశంలోకి ఎంటరయ్యే సరుకుకు 2027 జనవరి 8. ఇది ఉన్నట్టుండి ఊడిపడింది కాదు. 2016లోనే కొన్ని సంస్థలతో ఒక చిన్న ప్రయోగం చేశారు, తర్వాత ఇంకొంచెం పెద్దది నడిపారు.

జీసీసీ, సీపీసీ రెండూ వింటున్నాం. మాకు ఏది కావాలి?

ప్రధానంగా 12 ఏళ్ళు, అంతకన్నా తక్కువ వయసు పిల్లల కోసం చేసిన వస్తువుకు సీపీసీ, అంటే చిల్డ్రన్స్ ప్రొడక్ట్ సర్టిఫికెట్. దీనికి పరీక్ష సీపీఎస్సీ గుర్తించిన బయటి ల్యాబ్‌లోనే జరగాలి. మిగతా అందరూ వాడే వస్తువుల్లో, సీపీఎస్సీ నియమం ఏదైనా వర్తించేవాటికి జీసీసీ, అంటే జనరల్ సర్టిఫికెట్ ఆఫ్ కన్ఫార్మిటీ. దీనికి గుర్తింపు పొందిన ల్యాబే కావాలన్న పట్టింపు లేదు. పరీక్ష ఉండాలి, లేదా పద్ధతిగా నడిచే పరీక్షా విధానం ఉండాలి.

ఏ నియమమూ వర్తించని వస్తువుకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఆవకాయ, కుంకుమ, సున్నిపిండి లాంటివి అసలు సీపీఎస్సీ పరిధిలోకే రావు. తినేవీ ఒంటికి రాసుకునేవీ అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చూసుకుంటుంది.

కొండపల్లి బొమ్మలు తెప్పిస్తాం. ఇవి పిల్లల వస్తువులా, అలంకరణ వస్తువులా?

మాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. బొమ్మ అన్న పేరున్నంత మాత్రాన అది పిల్లల వస్తువు అయిపోదు. తయారీదారు దాన్ని ఎవరి కోసం అంటున్నాడు, ప్యాకింగ్ మీద, ప్రకటనలో ఎలా చూపిస్తున్నారు, కొనేవాళ్ళు మామూలుగా దాన్ని ఎవరికోసం అనుకుంటారు, అనే విషయాలన్నీ కలిపి చూస్తారు.

బొమ్మల కొలువులో పెట్టడానికి దశావతారాల సెట్టు, అంబారీ ఏనుగు అమ్ముతున్నారనుకోండి. వాటిని పెద్దవాళ్ళు కొంటారు, మెట్ల మీద పెట్టుకుంటారు, పండగయ్యాక గుడ్డలో చుట్టి అటక ఎక్కిస్తారు. అలంకరణ వస్తువు అని చెప్పడానికి బలమైన వాదన ఉంది. కానీ అదే ఏనుగును మీ వెబ్‌సైటులో "పిల్లలకు మంచి కానుక" అని పెట్టి, పక్కన చిన్నపాప ఆడుకుంటున్న ఫోటో వేస్తే ఆ వాదనను మీరే కొట్టేసుకున్నట్టు. కస్టమ్స్‌లో సరుకు రకాన్ని తెలిపే టారిఫ్ కోడ్ కూడా దీనికి తగ్గట్టే ఉండాలి. ఆట బొమ్మల కోడ్ 9503, చెక్క అలంకరణ వస్తువులది 4420. ఎంట్రీలో ఒకటి, సైటులో ఇంకొకటి ఉంటే ప్రశ్నలు తప్పవు. పన్ను తగ్గుతుందనో పని తగ్గుతుందనో కోడ్ ఎంచుకునేవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే.

ఏటికొప్పాక లక్కబొమ్మలు సహజ రంగులే కదా, పరీక్ష ఎందుకు?

అంకుడు కర్ర, లక్క, మొక్కల రంగులు అని మనకు తెలుసు. కస్టమ్స్ అధికారికి తెలియాలంటే ల్యాబ్ రిపోర్టు ఉండాలి. ఏ పూతా వేయని చెక్కకు సీసం పరీక్ష మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ లక్క పూత వేశాక అది పూతలేని చెక్క కాదు. పిల్లల బొమ్మ మీద ఉన్న పూతలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదు. పూత కాక మిగతా భాగాలకు పరిమితి 100 పీపీఎం.

సీసం ఒక్కటే కాదు. అన్ని ఆట బొమ్మలకూ ఏఎస్‌టీఎం ఎఫ్963 ప్రమాణం తప్పనిసరి. మూడేళ్ళలోపు పిల్లలవైతే గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు ఊడిరాకూడదు. గిలక్కాయలకు విడిగా 16 సీఎఫ్ఆర్ 1510 అనే నియమమే ఉంది (సీఎఫ్ఆర్ అంటే అమెరికా ఫెడరల్ నిబంధనల సంకలనం). లక్కపిడతల సెట్టులో చిట్టి గరిటెలు, మూతలు ఎంత చిన్నవో ఒకసారి చూసుకుని, ఏ వయసువాళ్ళకని రాయాలో అప్పుడు నిర్ణయించుకోండి. అలాగని బొద్దుబొద్దుగా ఉన్న గిలక్కాయ మీద మూడేళ్ళు పైబడినవాళ్ళకు అని రాస్తే ఎవరూ నమ్మరు.

ఇత్తడితో చేసిన ఆట గిన్నెల సెట్లు తెప్పించేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మామూలు ఇత్తడిలో సీసం 100 పీపీఎం కన్నా చాలా ఎక్కువే ఉండొచ్చు. 2009లో బొమ్మ వాహనాల్లోని ఇత్తడి భాగాలకు మినహాయింపు ఇమ్మని ఒక సంస్థ అడిగితే కమిషన్ ఒప్పుకోలేదు. సీసం తక్కువని పరీక్షలో తేలిన లోహం దొరికితే తప్ప, ఇత్తడి గిన్నెలను పిల్లల ఆటవస్తువుగా అమ్మకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

చీరలకూ ఇది వర్తిస్తుందా?

బట్టలకు 16 సీఎఫ్ఆర్ 1610 అనే నిప్పు పరీక్ష నియమం ఉంది. కానీ అందులోనే పెద్ద మినహాయింపు ఉంది. నూగు లేని సాఫు బట్ట చదరపు గజానికి 2.6 ఔన్సులు, అంటే చదరపు మీటరుకు దాదాపు 88 గ్రాములు, అంతకు మించి బరువుంటే ఏ రకం దారంతో నేసినా పరీక్ష అక్కర్లేదు. పూర్తిగా పాలిస్టర్, నైలాన్, యాక్రిలిక్, మోడాక్రిలిక్, ఒలెఫిన్, ఉన్ని, లేదా వీటి కలనేత అయితే బరువుతో సంబంధం లేకుండా మినహాయింపే.

ఆ జాబితాలో పట్టు లేదు, నూలు లేదు, రేయాన్ లేదు. బరువైన కంచి పట్టుచీర మొదటి మినహాయింపులో దాటిపోతుంది. పలుచని పట్టు ఆర్గాంజా, రేయాన్ షిఫాన్ దుపట్టా, గాలికి ఎగిరే నూలు ఓణీ దాటకపోవచ్చు. ఇది కాగితం మీది భయం కాదు. 1994లో భారత్ నుంచి వచ్చిన పలుచని రేయాన్ స్కర్టులు మరీ వేగంగా అంటుకుంటున్నాయని సీపీఎస్సీ వాటిని మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించింది. భారతీయ ఎగుమతిదారులు ఆ దెబ్బను చాలాకాలం గుర్తుపెట్టుకున్నారు.

పరీక్ష మినహాయింపు ఉన్న పెద్దవాళ్ళ బట్టలకు సర్టిఫికెట్ లేకపోయినా చర్య తీసుకోబోమని కమిషన్ 2016లో చెప్పింది. అది కమిషన్ చూపుతున్న సడలింపు మాత్రమే, మినహాయింపు మీకు వర్తిస్తుందని చూపాల్సింది మీరే. కాబట్టి నేత, దారం రకం, చదరపు మీటరు బరువు సప్లయర్ చేత రాయించి పెట్టుకోండి. బరువు చూడటానికి ల్యాబే కావాలని లేదు, మంచి కాటా చాలు.

పిల్లల పట్టు లంగాలు, జాకెట్లు?

వీటికి సీపీసీ కావాల్సిందే. పెద్దవాళ్ళ బట్టల సడలింపు ఇక్కడ పనిచేయదు. రంగు అద్దిన మామూలు నూలుకు, పట్టుకు సీసం పరీక్ష అక్కర్లేదు కానీ జరీ, హుక్కులు, బటన్లు, జిప్పులు, అద్దాలు, పూసలు, స్క్రీన్ ప్రింటు మీద రంగు, వీటికి ఆ మినహాయింపు లేదు. మన పిల్లల పండగ బట్టల్లో ఉండేవే ఇవన్నీ! ఒక్కో డిజైన్‌కు ఒక్కో రకం హుక్కు వాడే టైలర్ దగ్గర కుట్టిస్తే పరీక్షల ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఒకే చోట కొన్న హుక్కులు, ఒకే రకం జరీ వాడేలా ముందే మాట్లాడుకుంటే, ఆ భాగాల పరీక్ష రిపోర్టును అన్ని డిజైన్లకూ ఆధారంగా వాడుకోవచ్చు. విడిభాగాల పరీక్ష మీద ఆధారపడటాన్ని 16 సీఎఫ్ఆర్ 1109 ఒప్పుకుంటుంది. ఈ-ఫైల్ చేసేది మాత్రం పూర్తయిన వస్తువు సర్టిఫికెట్టే. పిల్లల రాత్రి దుస్తులకు ఇంకా కఠినమైన నిప్పు పరీక్షలు ఉన్నాయి, వాటి జోలికి కొత్తవాళ్ళు వెళ్ళకపోతేనే మేలు.

వరంగల్ దర్రీలు, ఏలూరు తివాచీలు?

కింద పరిచే తివాచీలకు, దర్రీలకు నిప్పు పరీక్ష ఉంది, కాబట్టి జీసీసీ. ఒక వైపు 6 అడుగులు దాటి, విస్తీర్ణం 24 చదరపు అడుగులు దాటితే 16 సీఎఫ్ఆర్ 1630. అంతకన్నా చిన్నవాటికి 1631. పెద్దదీ చిన్నదీ ఒకే డిజైన్ అయినా సర్టిఫికెట్‌లో రాసే నియమం వేరు. ఈ తేడా చూసుకోకుండా అన్నిటికీ ఒకటే రాసేస్తుంటారు.

దీపావళికి ఎల్‌ఈడీ దీపాలు తెప్పిద్దామనుకుంటున్నాం.

అందులో బటన్ బ్యాటరీ ఉంటే ఆగి ఆలోచించండి. బటన్ బ్యాటరీ మింగి పిల్లలు చనిపోతున్నారని 2022లో రీస్ చట్టం వచ్చింది. దాని కింద తెచ్చిన 16 సీఎఫ్ఆర్ 1263 ప్రకారం బ్యాటరీ అర పిల్లల చేతికి తెరుచుకోకూడదు, హెచ్చరికలు ఉండాలి. నీళ్ళు తగలగానే వెలిగే దీపాలు, చవక కొవ్వొత్తి దీపాల్లో చాలావాటికి మూత గోటితోనే వచ్చేస్తుంది. అలాంటి సరుకుకు సర్టిఫికెట్ ఎలా ఫైల్ చేయాలన్నది ప్రశ్నే కాదు, దాన్ని తేకూడదు.

సర్టిఫికెట్‌లో ఏయే వివరాలు ఉండాలి?

వస్తువును గుర్తించే నంబరు, వర్ణన. నంబరంటే జీటిన్ (బార్‌కోడ్ నంబరు) కావచ్చు, మోడల్ నంబరు, ఎస్‌కేయూ (మీ స్టాకు కోడ్) కావచ్చు. వర్తించే ప్రతి నియమం. తయారైన నెల, సంవత్సరం. తయారైన చోటు, తయారీదారు పేరు, చిరునామా, ఫోను, మెయిల్. చివరిగా పరీక్ష చేసిన తేదీ. పరీక్షించిన ల్యాబ్ వివరాలు. పరీక్ష రికార్డులు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ళ వివరాలు. సర్టిఫికెట్ ఇస్తున్న మీ వివరాలు. చివర ఇదంతా నిజమేనని మీ ధ్రువీకరణ.

వీటిలో ఇబ్బంది పెట్టేవి రెండే. ఒకటి తయారైన చోటు. మీకు బిల్లు ఇచ్చిన ఎక్స్‌పోర్టర్ హైదరాబాద్ అమీర్‌పేట్‌లో ఉండొచ్చు, బొమ్మ తయారైంది ఏటికొప్పాకలో. రాయాల్సింది రెండోది. ఇంకోటి గుర్తింపు నంబరు. మన చేతివృత్తులవాళ్ళ దగ్గర "పెద్ద ఏనుగు", "చిన్న ఏనుగు" తప్ప కోడ్‌లుండవు. ఆ కోడ్‌లు మీరే ఇచ్చి, ఇన్వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్టులో, ల్యాబ్ రిపోర్టులో, సీపీఎస్సీ రిజిస్ట్రీలో (దాని సంగతి కింద ఉంది) అదే నంబరు ఉండేలా చూసుకోండి. ల్యాబ్‌కు శాంపిల్ పంపేటప్పుడే ఆ నంబరు రాయించాలి. రిపోర్టు వచ్చాక నంబరు మార్పించాలంటే మళ్ళీ డబ్బూ సమయమూ.

ఫుల్ మెసేజ్ సెట్, రిఫరెన్స్ మెసేజ్ సెట్, ఏది మంచిది?

ఇవి సర్టిఫికెట్ వివరాలు పంపే రెండు పద్ధతులు. మొదటిదాంట్లో ప్రతి షిప్‌మెంటుకూ అన్ని వివరాలూ బ్రోకర్ పంపాలి. రెండోదాంట్లో వివరాలన్నీ మీరే ముందుగా సీపీఎస్సీ ప్రొడక్ట్ రిజిస్ట్రీలో ఎక్కిస్తారు. ఎంట్రీ వేసేటప్పుడు బ్రోకర్ సర్టిఫయర్ ఐడీ, వస్తువు ఐడీ, వెర్షన్ ఐడీ ఇస్తే చాలు.

ఒకే వస్తువును మళ్ళీ మళ్ళీ తెప్పించుకునేవాళ్ళకు రిఫరెన్స్ పద్ధతే నయం. ఇంకో లాభం కూడా ఉంది. సర్టిఫికెట్‌లోని వివరాలన్నీ బ్రోకర్‌కు ఇవ్వాల్సిన పని తప్పుతుంది, దాని కోసం అతని చేతికి వెళ్ళేది ఐడీలే. జీవితంలో ఒక్కసారి తెచ్చే సరుకైతే ఫుల్ పద్ధతి చాలు.

రిజిస్ట్రీకి ఫీజు ఉందా? ఎవరు ఎక్కించాలి?

ఫీజు లేదు. సీపీఎస్సీ బిజినెస్ పోర్టల్‌లో మీ సంస్థ పేరున ఖాతా తెరవాలి. ఒక్కో వస్తువును చేత్తో నింపవచ్చు, సీఎస్‌వీ ఫైలుగా ఒకేసారి చాలా ఎక్కించవచ్చు, సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్ళు ఏపీఐతో కలుపుకోవచ్చు. ల్యాబ్‌కో బ్రోకర్‌కో తయారీదారుకో మీ తరఫున నింపే అనుమతి కూడా ఇవ్వవచ్చు. నింపింది ఎవరైనా బాధ్యత ఇంపోర్టర్‌దే.

సీఎస్‌వీ వాడేవాళ్ళకు ఒక మాట: ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే పొడవైన జీటిన్ నంబర్ల ముందున్న సున్నాలు మాయమవుతాయి, తేదీల వరస మారిపోతుంది. ఆ గడులను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి.

అన్నీ మా బ్రోకరే చూసుకుంటాడు కదా?

ఫైల్ చేయడం చూసుకుంటాడు. బొమ్మ ఎప్పుడు తయారైంది, హుక్కులో సీసం ఎంత అన్నవి అతనికెలా తెలుస్తాయి? మీరిచ్చిందే పంపుతాడు. సరుకు ఓడెక్కాక బ్రోకర్ "సర్టిఫికెట్ వివరాలు పంపండి" అని మెయిల్ పెట్టినప్పుడు టెన్షన్ పడటం కన్నా, ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడిగి పెట్టుకోవడం మేలు. ఎంట్రీకి ఇంత, మెసేజ్ సెట్‌కు ఇంత అని బ్రోకర్లు అదనంగా తీసుకోవచ్చు, ఆ రేటు ముందే మాట్లాడుకోండి.

ఇంపోర్టర్ అంటే ఎవరు? మేం హైదరాబాద్ నుంచి నేరుగా అమెరికా కస్టమర్ల ఇంటికి కొరియర్ చేస్తాం.

కస్టమ్స్ రికార్డుల్లో ఇంపోర్టర్‌గా ఉన్నవాళ్ళు, సరుకు ఎవరి పేరున దిగుతుందో వాళ్ళు, సొంతదారు, కొనుగోలుదారు ఈ నిర్వచనంలోకి రావచ్చు. సొంత వాడకానికి కొనుక్కున్న మామూలు మనిషిని మాత్రం ఇంపోర్టర్‌గా చూడరు. కాబట్టి న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న మీ కస్టమర్ అక్క మీద బాధ్యత నెట్టేయలేరు, అది మీ వైపుకే తిరుగుతుంది. తక్కువ విలువ పార్సిళ్ళకు కూడా ఈ నిబంధనలో మినహాయింపు లేదు. పోస్టులో పంపేవాటికి ఏస్ ఎంట్రీ ఉండదు కాబట్టి, పార్సిల్ అమెరికా చేరేలోపే సర్టిఫికెట్ వివరాలు రిజిస్ట్రీలో ఉండాలి.

అమ్మమ్మ మనవరాలికి పంపే పట్టు లంగా వ్యాపారం కాదు. దానికి ఈ గొడవ లేదు.

మా ల్యాబ్‌కు భారత్‌లో ల్యాబులకు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంది. సరిపోతుందా?

సీపీసీకైతే అదొక్కటే సరిపోదు. ఆ ల్యాబ్‌ను సీపీఎస్సీ కూడా ఆమోదించి ఉండాలి, అదీ మీకు కావాల్సిన నియమానికే. సీసం పరీక్షకు ఆమోదం ఉన్న ల్యాబ్‌కు చిన్న ముక్కల పరీక్షకు లేకపోవచ్చు. సీపీఎస్సీ వెబ్‌సైటులో దేశం, నియమం పెట్టి వెతికితే ల్యాబుల జాబితా వస్తుంది, భారత్‌లోవి కూడా ఉంటాయి. ల్యాబ్ మార్కెటింగ్ మనిషి మాట వినేముందు ఆ జాబితా చూడండి.

ఒకసారి పరీక్ష చేయిస్తే ఎన్నాళ్ళు చెల్లుతుంది?

పిల్లల వస్తువు తయారీ కొనసాగుతుంటే కనీసం ఏడాదికోసారి మళ్ళీ పరీక్ష. రాతపూర్వకమైన ఉత్పత్తి పరీక్షా ప్రణాళిక ఉంటే రెండేళ్ళకోసారి. ఐఎస్ఓ 17025 గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో నిరంతర పరీక్ష జరుగుతుంటే మూడేళ్ళు. ఈలోగా రంగు, జరీ, హుక్కు, తయారీ చోటు లాంటివి మారి, భద్రత మీద ప్రభావం పడేలా ఉంటే గడువుతో పని లేకుండా మళ్ళీ చేయించాలి. కొత్త పరీక్ష వచ్చినప్పుడు రిజిస్ట్రీలో కొత్త వెర్షన్ చేసి, ఆ వెర్షన్ ఐడీ బ్రోకర్‌కు చెప్పండి. పాత ఐడీతోనే ఏళ్ళ తరబడి ఫైల్ చేసే అలవాటు చాలామందికి పట్టుకుంటుందని మా అనుమానం.

మాది చాలా చిన్న వ్యాపారం. ఏమైనా వెసులుబాటు ఉందా?

చిన్న బ్యాచ్ తయారీదారుల కింద ఏటా నమోదు చేసుకునే వీలుంది. ముందటి ఏడాది మొత్తం అమ్మకాలు పరిమితి లోపు ఉండాలి (10 లక్షల డాలర్లతో మొదలుపెట్టి, ధరల పెరుగుదలను బట్టి దాన్ని సవరిస్తుంటారు), ఆ వస్తువు తయారీ 7,500 దాటకూడదు. అర్హత ఉంటే కొన్ని పరీక్షలకు బయటి ల్యాబ్ అక్కర్లేదు. పూతలో సీసం, చిన్న ముక్కల పరీక్షలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. సీపీసీ ఇవ్వడం, ఈ-ఫైల్ చేయడం కూడా తప్పవు.

మా వస్తువుకు సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ టారిఫ్ కోడ్‌కు సీపీఎస్సీ వివరాలు కావాలన్న గుర్తు ఉందట.

కోడ్ చాలా విశాలంగా ఉంటుంది, అందులో నియమాలు వర్తించేవీ వర్తించనివీ కలిసి ఉంటాయి. వర్తించని పక్షంలో కారణం కోడుతో ఆ సంగతి తెలిపే డిస్‌క్లెయిమ్ పద్ధతి ఉంది. కొలువు బొమ్మలు, బరువైన చీరలు తెచ్చేవాళ్ళకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే. ఎందుకు అక్కర్లేదో మీ ఫైలులో ఒక పేజీ రాసి పెట్టుకోండి.

ఫైల్ చేయకపోతే, తప్పు వివరాలిస్తే ఏమవుతుంది?

సరుకును ఆపవచ్చు, తనిఖీకి పంపవచ్చు, దేశంలోకి రానివ్వకపోవచ్చు. ఆపిన రోజులకు గోడౌన్ ఖర్చు మీదే. సర్టిఫికెట్ ఇవ్వకపోవడం, తప్పుడు సర్టిఫికెట్ ఇవ్వడం చట్టంలో నిషేధించిన పనులు. 2022లో సవరించిన లెక్క ప్రకారం సివిల్ జరిమానా ఒక్కో ఉల్లంఘనకు 1,20,000 డాలర్ల వరకు, ఒకే రకం ఉల్లంఘనలన్నీ కలిపి 1,71,50,000 డాలర్ల వరకు వెళ్ళవచ్చు. తెలిసి అబద్ధం రాస్తే క్రిమినల్ కేసు కూడా.

చిన్న వ్యాపారి మీద మొదటి తప్పుకే అంత జరిమానా పడుతుందని భయపెట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్ళను నిజంగా దెబ్బతీసేది సరుకు ఆగిపోవడమే. దసరా సరుకు దీపావళి తర్వాత చేతికొస్తే దాన్ని ఎవరికి అమ్ముతారు?

సప్లయర్ ఫ్యాక్టరీ వివరాలు ఇవ్వనంటున్నాడు.

మీరు నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతారని అతని భయం. తయారీదారు వివరాలను అతనే మీ రిజిస్ట్రీలో నింపేలా అనుమతి ఇవ్వవచ్చు కానీ, సర్టిఫికెట్ ఇచ్చేది మీరు, కాబట్టి అందులో ఏముందో మీకు తెలియకుండా ధ్రువీకరించలేరు. కొనుగోలు ఒప్పందంలోనే ఈ వివరాలు, ల్యాబ్ రిపోర్టు ఇస్తేనే చివరి విడత చెల్లింపు అని రాసుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే వేరే సప్లయర్‌ను చూసుకోవడమే.

రికార్డులు ఎన్నాళ్ళు దాచాలి?

అయిదేళ్ళు, సీపీసీకైనా జీసీసీకైనా. ల్యాబ్ రిపోర్టు పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో ఉన్నాయి కదా అని వదిలేయకండి, ఫోను మారిస్తే అవీ పోతాయి.

ఇప్పటివరకు ఏమీ చేయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గత ఏడాది మీరు వేసిన ఎంట్రీల జాబితా బ్రోకర్‌ను అడగండి. అందులో టారిఫ్ కోడ్‌లను సీపీఎస్సీ ప్రకటించిన కోడ్‌ల జాబితాతో పోల్చి చూస్తే సగం వస్తువులు పక్కకు పోతాయి. మిగిలినవాటిలో పిల్లల వస్తువులను ముందు తీసుకోండి, ల్యాబ్ పనికి వారాలు పడుతుంది కాబట్టి. ప్రతి వస్తువుకూ ఏ నియమం, ఏ ల్యాబ్ రిపోర్టు, ఏ తేదీ అన్నది ఒక షీటులో నింపండి. ఖాళీలు ఎక్కడున్నాయో అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత రిజిస్ట్రీ ఖాతా తెరిచి, ఎక్కువ అమ్ముడయ్యే ఒక్క వస్తువును పూర్తిగా ఎక్కించి, ఆ ఐడీలతో బ్రోకర్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ సరిగ్గా వెళ్తుందో లేదో ఒక చిన్న షిప్‌మెంటుతో చూసుకోండి. పండగ సీజన్ కంటైనర్‌తో మాత్రం ఆ ప్రయోగం చేయకండి.